మొదటి పిక్ కొన్న జట్టు, అమ్మిన జట్టు: కరోలినా పాంథర్స్ కేస్ స్టడీ

2023 మార్చి 10న అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కరోలినా పాంథర్స్, షికాగో బేర్స్ ఒక ట్రేడ్ (ఆటగాళ్ల, పిక్‌ల మార్పిడి) కుదుర్చుకున్నాయి. కరోలినాకు వచ్చింది ఒక్కటే: ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్. ఈ లీగ్ జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేది డ్రాఫ్ట్, ఒక్కో వంతు ఒక పిక్, ముందటి సీజన్‌లో అందరికన్నా వెనకబడ్డ జట్టుది మొదటి వంతు. షికాగోకు వెళ్లినవి ఐదు: 2023లో 9వ పిక్, 61వ పిక్, 2024 మొదటి రౌండ్ పిక్, 2025 రెండో రౌండ్ పిక్, వీటితోపాటు జట్టులోకెల్లా మంచి రిసీవర్ (పరుగెత్తి పాస్‌లు పట్టేవాడు) డీజే మూర్. ఏడు వారాల తర్వాత ఆ మొదటి పిక్‌తో అలబామా యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపి బంతి విసిరేవాడు) బ్రైస్ యంగ్‌ను తీసుకున్నారు. ఆ సీజన్ 2-15తో, అంటే రెండు గెలుపులు, పదిహేను ఓటములతో ముగిసింది. 2024 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ మళ్లీ కరోలినా పేరు మీదే వచ్చింది, కానీ అప్పటికి అది షికాగో సొత్తు.

ఈ కేసు గురించి ఎవరిని అడిగినా వచ్చే మొదటి మాట, 'సీజే స్ట్రౌడ్‌ను వదిలేసి యంగ్‌ను తీసుకున్నారు, అంతే' అని. స్ట్రౌడ్ అదే డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా హ్యూస్టన్‌కు వెళ్లిన క్వార్టర్‌బ్యాక్. ఎంపిక మీద చర్చ ఎప్పుడూ ఉంటుంది. మేము చూసేది ధర వైపు నుంచి. కొత్త క్వార్టర్‌బ్యాక్ నిలదొక్కుకోవడానికి ఏవి కావాలో వాటినే కరోలినా అతని ధర కింద కట్టేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. యంగ్ బదులు స్ట్రౌడ్ వచ్చినా అదే లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుస) వెనక, అదే రిసీవర్లతో, అదే కోచింగ్ గందరగోళంలో ఆడాల్సి వచ్చేది.

ట్రేడ్ దాకా వచ్చిన దారి

డేవిడ్ టెప్పర్ 2018లో ఈ జట్టును కొన్నారు. 2020 మార్చిలో క్యామ్ న్యూటన్‌ను విడుదల చేసినప్పటి నుంచి క్వార్టర్‌బ్యాక్ కుర్చీలో ఎవరూ కుదురుకోలేదు. ముందు మార్కెట్లో కొన్నారు: టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్‌కు మూడేళ్లకు 6.3 కోట్ల డాలర్లు, ఒక్క సీజన్‌తో సరి. తర్వాత ఇంకో జట్టు వదులుకున్నవాణ్ణి తెచ్చారు: 2021 ఏప్రిల్‌లో న్యూయార్క్ జెట్స్ నుంచి శామ్ డార్నాల్డ్, దానికి ఒక ఆరో రౌండ్, ఒక రెండో రౌండ్, ఒక నాలుగో రౌండ్ పిక్. అతను కరోలినా తరఫున ఒక్క మ్యాచ్ ఆడకముందే అయిదో ఏడాది ఆప్షన్ (మొదటి రౌండ్ ఆటగాడి ఒప్పందాన్ని ఇంకో ఏడాది పొడిగించే హక్కు) కూడా ఖరారు చేశారు. 2022 జులైలో క్లీవ్‌లాండ్ నుంచి బేకర్ మేఫీల్డ్. ఆ అక్టోబర్‌లో హెడ్ కోచ్ మ్యాట్ రూల్‌ను తీసేసి, రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) క్రిస్టియన్ మెక్‌క్యాఫ్రీని శాన్ ఫ్రాన్సిస్కోకు పంపేశారు.

ఇక్కడ ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. కరోలినాలో విఫలమైన మేఫీల్డ్ 2024లో టాంపా బేలో 41 టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని అవతలి గీత దాటించి స్కోరు తెచ్చేవి) విసిరాడు. డార్నాల్డ్ మిన్నెసోటాను అదే ఏడాది 14-3 దాకా తీసుకెళ్లాడు. ఒకే జట్టులో ఓడిపోయిన ఇద్దరు బయటికెళ్లి నిలబడ్డారంటే, మూడోవాడి మీద పందెం కట్టే ముందు ఆ జట్టు తన వంటింటి సంగతి చూసుకోవాలి. మార్చి 2023 నాటికి ఈ విజయాలు ఇంకా జరగలేదు, నిజమే. కానీ అప్పటికే మూడేళ్లలో ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు మారారు. ఆ ఆధారం చేతిలో ఉంది.

రూల్ తర్వాత తాత్కాలిక కోచ్ స్టీవ్ విల్క్స్ 6-6 చేశాడు, జట్టు మొత్తంగా 7-10. తమ డివిజన్‌ను (నాలుగు జట్ల గుంపు) ఆ ఏడాది టాంపా 8-9తోనే గెలిచింది, దాని క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ రిటైరయ్యాడు. 'ఒక్క క్వార్టర్‌బ్యాక్ దొరికితే డివిజన్ మనదే' అన్న అంచనా ఇక్కడే పుట్టింది. 9వ పిక్ దాకా నలుగురు పేరున్న కుర్రాళ్లలో ఎవరు మిగులుతారో తెలియదు కాబట్టి, జనరల్ మేనేజర్ స్కాట్ ఫిటరర్ పైకి ఎగబాకాలని నిర్ణయించాడు.

ధర లెక్క

డ్రాఫ్ట్ ట్రేడ్‌ను తూచడానికి వాడే పాత తక్కెడ, 1990ల మొదట్లో డల్లాస్ కౌబాయ్స్‌లో జిమ్మీ జాన్సన్ కాలంలో వచ్చిన పాయింట్ల పట్టిక. అందులో 1వ పిక్ 3000, 2వది 2600, 5వది 1700, 9వది 1350, 16వది 1000, 61వది 292. వచ్చే ఏడాది పిక్‌ను ఒక రౌండ్ కిందికి దించి లెక్కగట్టడం వాడుక.

దాని ప్రకారం కరోలినా ఆ రోజు వేసుకోగలిగిన లెక్క ఇలా ఉంటుంది. 9వ పిక్ 1350, 61వ పిక్ 292, కలిపి 1642. 2024 మొదటి రౌండ్ పిక్ మధ్యలో, 16వ స్థానంలో పడుతుందనుకుంటే, ఏడాది ఆలస్యానికి రెండో రౌండ్ మధ్య స్థాయికి దించి 420. 2025 రెండో రౌండ్ పిక్ రెండేళ్ల దూరం కాబట్టి నాలుగో రౌండ్ స్థాయి, సుమారు 70. మొత్తం 2132. 3000కు తక్కువపడిన 868 పాయింట్లు డీజే మూర్. అంటే అతణ్ణి 19, 20వ పిక్ స్థాయి ఆటగాడిగా కట్టినట్టు. కాగితం మీద ఇది సరసమైన బేరమే. తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

తప్పు ఆ 16 అనే అంకెలో ఉంది. సొంత జట్టు భవిష్యత్ పిక్ విలువ, కొంటున్న క్వార్టర్‌బ్యాక్ ఆటతో ముడిపడి ఉంటుంది. అతను బాగా ఆడితే ఆ పిక్ 25వ స్థానానికి జారి 720 అవుతుంది, ఆడలేకపోతే 5వ స్థానానికో (1700) మొదటి స్థానానికో (3000) ఎక్కుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. మధ్యస్థ విలువ ఒక్కటే పట్టుకుని బేరం చేయడం అందుకే ప్రమాదం. నాలుగు స్థానాలకు నాలుగు లెక్కలు రాసుకుని, అన్నిటికన్నా చెడ్డదాన్ని భరించగలమా అని చూసుకోవాలి. జరిగింది ఆ చెడ్డదే: 9వ పిక్ 1350, 61వది 292, 2024 పిక్ మొదటిదై 3000, 2025 పిక్ 39వదై 510. మొత్తం 5152, మూర్ అదనం.

61వ పిక్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గమనించాలి. అది శాన్ ఫ్రాన్సిస్కో ఇచ్చిన పిక్, మెక్‌క్యాఫ్రీని అమ్మగా వచ్చిన సొమ్ము. అంటే కొత్త క్వార్టర్‌బ్యాక్‌కు బంతి అందుకుని నాలుగు గజాలు లాగగల మనిషిని అమ్మి, ఆ డబ్బును అతని కొనుగోలులో కలిపారు. తర్వాత మూర్‌ను ఇచ్చారు. మూర్ షికాగోలో మొదటి సీజన్‌లోనే 96 క్యాచ్‌లు, 1364 గజాలు, 8 టచ్‌డౌన్లు చేశాడు. అతని ఖాళీని పూడ్చడానికి కరోలినా 39వ పిక్‌తో తీసుకున్న జొనాథన్ మింగో అదే సీజన్‌లో 43 క్యాచ్‌లు, 418 గజాలు, ఒక్క టచ్‌డౌన్ లేదు.

కొత్త కుర్రాడి జీతం తక్కువ అన్నది ఈ తరహా ట్రేడ్‌లకు పెద్ద సమర్థన. అది నిజమే. యంగ్ ఒప్పందం నాలుగేళ్లకు సుమారు 3.8 కోట్ల డాలర్లు. అదే సెప్టెంబర్‌లో సిన్సినాటి జో బర్రోకు అయిదేళ్లకు 27.5 కోట్లు రాసిచ్చింది. 2023లో జట్టు మొత్తం జీతాల పరిమితి 22.48 కోట్లు. ఏటా నాలుగున్నర కోట్ల వెసులుబాటు దొరికితే అది ఎటు పోయిందన్నదే ప్రశ్న. కరోలినా రన్నింగ్ బ్యాక్ మైల్స్ శాండర్స్‌కు నాలుగేళ్ల ఒప్పందం ఇచ్చింది, సీజన్ సగమయ్యేసరికి అతని చోటు చూబా హబ్బర్డ్‌కు పోయింది. రిసీవర్ ఆడమ్ థీలెన్ వచ్చాడు, 103 క్యాచ్‌లు పట్టి నిలబెట్టాడు, కానీ 33 ఏళ్ల మనిషి లోతుగా పరుగెత్తి డిఫెన్స్‌ను వెనక్కి లాగలేడు. గార్డ్‌ల మీద మాత్రం పెద్దగా ఖర్చు పెట్టలేదు.

2023లో ఎక్కడ విరిగింది

యంగ్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. ఈ లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్‌కు ఇది చాలా తక్కువ. ఎత్తు తక్కువైతే ఆడలేడని కాదు, అతనికి కావలసిన రక్షణ వేరు అని. లోపలి మూడు స్థానాలు, అంటే సెంటర్, అటూ ఇటూ ఉండే ఇద్దరు గార్డ్‌లు, కదలకుండా నిలబడాలి. వాళ్ల భుజాల మధ్య సందుల్లోంచే అతను మైదానం చూస్తాడు.

ఆ సీజన్‌లో ఎడమ గార్డ్ బ్రేడీ క్రిస్టెన్సన్ మొదటి మ్యాచ్‌కే గాయపడి సీజన్‌కు దూరమయ్యాడు. కుడి గార్డ్ ఆస్టిన్ కార్బెట్ అంతకు ముందు జనవరిలో మోకాలి లిగమెంట్ తెగి, ఆలస్యంగా వచ్చి, మళ్లీ గాయపడ్డాడు. నాలుగో రౌండ్ కుర్రాడు చాండ్లర్ జవాలా, ఆ తర్వాత ఎవరు దొరికితే వాళ్లు.

గార్డ్ ఓడిపోతే ఒక పాస్ ప్లే ఎలా కూలుతుందో చూద్దాం. మూడో డౌన్ (పది గజాల కోసం దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఏడు గజాలు కావాలి. స్నాప్ (సెంటర్ వెనక్కిచ్చే బంతి) అందింది. ట్యాకిల్ (లైన్ చివర నిలబడేవాడు) ఇకెమ్ ఎక్వోను, బయటి నుంచి వచ్చే రషర్‌ను (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే డిఫెన్స్ ఆటగాణ్ణి) వెడల్పుగా, లోతుగా తోసుకుంటూ పోతాడు. క్వార్టర్‌బ్యాక్ ఏడెనిమిది గజాల వెనక నిలబడి, అక్కడి నుంచి ముందుకు అడుగేస్తాడన్న నమ్మకంతో అతని పాదాల కోణం ఉంటుంది. రషర్ ఆ పాయింట్ దాటి వెనక్కి పోతే ట్యాకిల్ పని అయినట్టే. ఈలోపు లోపల గార్డ్ వెనక్కి జరిగాడు. యంగ్‌కు ముందు దారి మూసుకుపోయింది, చూపూ మూసుకుపోయింది. సందు కోసం ఇంకో రెండు గజాలు వెనక్కి జారాడు. ఇప్పుడు ట్యాకిల్ సరిగ్గా తోసిన రషర్ నేరుగా యంగ్ నిలబడ్డ చోటికే చేరతాడు. లెక్కలు కట్టేవాళ్లు కొందరు ఆ శాక్‌ను (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) ట్యాకిల్ ఖాతాలో వేస్తారు, కొంతమంది యంగ్ ఖాతాలో వేస్తారు. మొదలైంది గార్డ్ దగ్గర. ఇలా ఆ సీజన్‌లో యంగ్ 62 సార్లు నేలకరిచాడు.

ఇదే పదేపదే జరిగితే రెండో జబ్బు మొదలవుతుంది. ఒత్తిడి లేని ప్లేల్లో కూడా కాళ్లు ముందే కదులుతాయి, చూపు రిసీవర్ల మీంచి రషర్ల మీదికి దిగుతుంది, బంతి దగ్గరి మనిషికే పోతుంది. యంగ్ సగటు ఒక్కో ప్రయత్నానికి 5.5 గజాలు. 11 టచ్‌డౌన్లు, 10 ఇంటర్‌సెప్షన్లు (అవతలి జట్టు పట్టేసిన పాస్‌లు). లైన్ బాగుచేసినా ఈ రెండో జబ్బు వెంటనే పోదు, 2024 మొదట్లో అది కనిపించింది.

కోచింగ్ దీనికి తోడైంది. హెడ్ కోచ్ ఫ్రాంక్ రైక్ మొదట ప్లేలు తనే పిలిచాడు, అంటే ప్రతిసారీ ఏ ఎత్తుగడ ఆడాలో తనే చెప్పాడు. అక్టోబర్‌లో కోఆర్డినేటర్ (దాడి ఆట చూసే సహాయ కోచ్) థామస్ బ్రౌన్‌కు అప్పగించాడు, మూడు మ్యాచ్‌ల తర్వాత మళ్లీ తీసుకున్నాడు. 1-10 దగ్గర నవంబర్ 27న రైక్‌ను తీసేశారు, క్వార్టర్‌బ్యాక్ కోచ్ జాష్ మెక్‌కౌన్‌నూ పంపేశారు. ప్లే పిలిచే గొంతు మారిన ప్రతిసారీ, ప్లేల వరుస, మూడో డౌన్ మీద ఇష్టాలు, లైన్ ప్రొటెక్షన్ మార్చే సంకేతాలు అన్నీ కొద్దికొద్దిగా జరుగుతాయి. పదేళ్ల అనుభవమున్నవాడు సర్దుకుంటాడు. మొదటి ఏడాది కుర్రాడికి సోమవారం నుంచి శనివారం దాకా చేసే తయారీ మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

చివరి రెండు మ్యాచ్‌లు 26-0, 9-0 ఓటములు, రెంటిలోనూ కరోలినాది సున్నా. జాక్సన్‌విల్‌లో ఆ 26-0 మ్యాచ్‌లోనే టెప్పర్ అవతలి అభిమానుల మీద గ్లాసులో పానీయం విసిరి మూడు లక్షల డాలర్ల జరిమానా కట్టారు. సహనం ఎంత మిగిలిందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ ఏడాది గెలిచిన రెండింటిలో ఒకటి మాత్రం స్ట్రౌడ్ ఆడిన హ్యూస్టన్ మీదే, 15-13.

అయిదు మ్యాచ్‌ల విరామం

2024 జనవరిలో డాన్ మోర్గాన్ జనరల్ మేనేజర్, డేవ్ కనాలెస్ హెడ్ కోచ్. టాంపాలో మేఫీల్డ్‌ను నిలబెట్టిన కోఆర్డినేటర్ ఈ కనాలెసే. వాళ్లు ముందు డబ్బు పెట్టింది గార్డ్‌ల మీద: రాబర్ట్ హంట్‌కు అయిదేళ్లకు 10 కోట్ల డాలర్లు, డేమియన్ లూయిస్‌కు నాలుగేళ్లకు 5.3 కోట్లు. ఈ కొనుగోలు ఏడాది ముందు జరగాల్సింది.

అయినా మొదటి రెండు మ్యాచ్‌లు 47-10, 26-3 ఓటములు. యంగ్‌ను బెంచ్‌కు పంపారు. మూడో మ్యాచ్‌లో ఆండీ డాల్టన్ అదే లైన్ వెనక, అదే రిసీవర్లతో లాస్ వేగాస్ మీద 319 గజాలు, మూడు టచ్‌డౌన్లు విసిరి 36-22తో గెలిపించాడు. మా వాదనకు ఇది ఇబ్బందికరమైన సాక్ష్యమే. పరిసరాలదే తప్పంతా అయితే డాల్టన్‌కు ఎలా సాధ్యమైంది? జవాబు వీడియోలో ఉంది: బంతి సమయానికి చేతిలోంచి వెళ్లింది. మూడో అడుగు పడగానే విసరాల్సిన బంతి మూడో అడుగుకే పోయింది. యంగ్ దగ్గర ఆ లయ 2023లోనే చెదిరిపోయింది.

అయిదు మ్యాచ్‌ల తర్వాత డాల్టన్ కారు ప్రమాదంలో బొటనవేలికి దెబ్బ తగిలించుకోవడంతో యంగ్ తిరిగొచ్చాడు. ముందే వేసుకున్న పథకం కాదది, కలిసొచ్చింది. కానీ తిరిగొచ్చిన మనిషి వేరు. న్యూ ఆర్లీన్స్, మ్యూనిక్‌లో న్యూయార్క్ జెయింట్స్, అరిజోనా మీద గెలుపులు, చివరి మ్యాచ్‌లో అట్లాంటా మీద అదనపు సమయంలో 44-38. ఆ ఒక్క మ్యాచ్‌లో మూడు టచ్‌డౌన్లు విసిరాడు, రెండు తనే పరుగెత్తాడు. జట్టు మాత్రం 5-12, ఎందుకంటే డిఫెన్స్ 534 పాయింట్లు ఇచ్చింది, లీగ్ చరిత్రలోనే అత్యధికం. రషర్ బ్రయాన్ బర్న్స్‌ను ఆ మార్చిలో న్యూయార్క్ జెయింట్స్‌కు పంపేశారు, లోపలి లైన్‌మన్ డెరిక్ బ్రౌన్ మొదటి మ్యాచ్‌తోనే దూరమయ్యాడు, పూడ్చడానికి మొదటి పిక్ చేతిలో లేదు. 2023 ధర ఇంకా వసూలవుతూనే ఉంది.

2025లో సొంత మొదటి రౌండ్ పిక్ తమ దగ్గరే ఉన్నప్పుడు 8వ స్థానంలో రిసీవర్ టెటైరోవా మెక్‌మిలన్ వచ్చాడు, మొదటి సీజన్‌లోనే వెయ్యి గజాలు దాటాడు. మూర్ వదిలిన ఖాళీ రెండేళ్లకు నిండింది. అట్లాంటాలో యంగ్ ఒక్క మ్యాచ్‌లో 448 గజాలు విసిరి క్లబ్ రికార్డు మార్చాడు. 8-9తో డివిజన్ గెలిచి ప్లేఆఫ్‌లో లాస్ ఏంజెలెస్ రామ్స్ చేతిలో 34-31తో ఓడారు.

షికాగో వైపు

అమ్మిన జట్టు కథ కూడా తిన్నగా సాగలేదు. 9వ పిక్ నుంచి ఒక మెట్టు దిగి 10వ స్థానంలో ట్యాకిల్ డార్నెల్ రైట్‌ను తీసుకున్నారు. 61వ పిక్‌ను వాడి 56కి ఎక్కి కార్నర్‌బ్యాక్ (రిసీవర్లను కాపుకాసే డిఫెన్స్ ఆటగాడు) టైరీక్ స్టీవెన్‌సన్‌ను తెచ్చారు. 2024 మొదటి పిక్ కేలెబ్ విలియమ్స్, 2025లో 39వ పిక్ రిసీవర్ లూథర్ బర్డెన్. ఒక్క ట్రేడ్‌తో జట్టు సగం అస్థిపంజరం తయారైంది.

ఇన్ని ఉండీ 2024లో కరోలినా చేసిన తప్పే చేశారు. కుర్చీ కదులుతున్న హెడ్ కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లూస్‌ను అలాగే ఉంచి కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను అప్పగించారు. నవంబర్‌లో ముందు కోఆర్డినేటర్ పోయాడు, తర్వాత హెడ్ కోచ్ పోయాడు. మధ్యలో పగ్గాలు పట్టింది ఎవరో కాదు, కరోలినా నుంచి వచ్చిన థామస్ బ్రౌనే. విలియమ్స్ 68 సార్లు శాక్ అయ్యాడు, యంగ్ కన్నా ఆరు ఎక్కువ. 5-12.

2025 జనవరిలో బెన్ జాన్సన్‌ను కోచ్‌గా తెచ్చి, లోపలి మూడు స్థానాలనూ ఒకే వేసవిలో మార్చేశారు: కాన్సస్ సిటీ నుంచి జో థూనీ, లాస్ ఏంజెలెస్ నుంచి జోనా జాక్సన్, అట్లాంటా నుంచి సెంటర్ డ్రూ డాల్మన్. థూనీకి ఇచ్చింది ఒక నాలుగో రౌండ్ పిక్, జాక్సన్‌కు ఒక ఆరో రౌండ్ పిక్. శాక్‌లు 68 నుంచి 24కు దిగాయి, జట్టు 11-6, డివిజన్ టైటిల్. క్వార్టర్‌బ్యాక్ అదే మనిషి. కరోలినా జట్టు ఊరైన షార్లెట్‌లో, షికాగో శివార్లలో ఉండే తెలుగువాళ్లు సోమవారం ఆఫీసులో వాదించుకునే 'యంగా, విలియమ్సా' ప్రశ్నకు ఈ రెండు అంకెలు కొంత జవాబు.

హ్యూస్టన్ సంగతీ ఒక మాట. 2022 చివరి మ్యాచ్ గెలవడం వల్ల మొదటి పిక్ పోగొట్టుకుని రెండో స్థానంలో పడింది. కదలకుండా కూర్చుని, క్వార్టర్‌బ్యాక్ కోసం అదనంగా ఒక్క పిక్ కూడా ఖర్చు పెట్టకుండా స్ట్రౌడ్‌ను తీసుకుంది. మొదటి ఏడాది 4108 గజాలు, 23 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లు. లైన్ బలహీనపడిన 2024లో అతనూ 52 సార్లు శాక్ అయ్యాడు, ఆటా తగ్గింది.

పని క్రమం

మొదటి పిక్ కోసం బేరానికి దిగే జట్టుకు మేము సూచించే వరుస ఈ కేసు నుంచే వస్తుంది. కోచ్, ప్లే పిలిచే మనిషి ముందు ఖరారు కావాలి, ఇద్దరికీ కనీసం రెండు సీజన్ల హామీ ఉండాలి. తర్వాత గార్డ్‌లు, సెంటర్. ఎంచుకోబోయే కుర్రాడు ఎత్తు తక్కువైతే దీనికి మినహాయింపే లేదు. గార్డ్ స్థానానికి ఒకరు కాదు, గాయాల లెక్క వేసుకుని ముగ్గురు. బేరంలో ఉన్న రిసీవర్‌ను ఇవ్వడం ఆఖరి మాట. అవతలివాళ్లు పట్టుబడితే ఇంకో రెండో రౌండ్ పిక్ కలపడం నయం, ఎందుకంటే పిక్ లోటు రేపటిది, రిసీవర్ లోటు మొదటి మ్యాచ్ నుంచే. భవిష్యత్ మొదటి రౌండ్ పిక్ ఇవ్వక తప్పకపోతే 'టాప్ 5లో పడితే ఆ ఏడాది వెళ్లదు' వంటి షరతు కోసం ప్రయత్నించాలి. ఈ లీగ్‌లో అలాంటి షరతు దొరకడం అరుదు, దొరక్కపోతే ధర తగ్గించమనడానికైనా అది పనికొస్తుంది. మొదటి నాలుగైదు వారాలు అనుభవజ్ఞుడితో ఆడించే అవకాశం కూడా ముందే యజమానితో మాట్లాడి పెట్టుకోవాలి. ఓటముల మధ్యలో బెంచ్‌కు పంపితే అది శిక్షలా ఉంటుంది, ముందే చెబితే పాఠంలా ఉంటుంది.

యంగ్ విషయంలో మిగిలిన లెక్క అయిదో ఏడాది ఆప్షన్. 2023 మొదటి రౌండ్ ఆటగాళ్లకు గడువు 2026 మే మొదట్లో. ఖరారు చేసిన క్షణం నుంచి ఆ జీతం మొత్తానికి పూర్తి హామీ. మొత్తం ఎంతన్నది ప్రో బౌల్ (ఏటా ఎంపికయ్యే లీగ్ మేటి ఆటగాళ్ల జట్టు) ఎంపికలు, ఆడిన స్నాప్‌ల శాతం బట్టి నాలుగు అంచెల్లో ఏదో ఒకటి అవుతుంది. ప్రో బౌల్ లేకుండా మూడు సీజన్లలో రెండింటిలో 75 శాతం స్నాప్‌లు ఆడితే కింది నుంచి రెండో అంచె. దీన్ని తూచేవాళ్లు మూడేళ్ల సగటు తీయకూడదు. 2024 అక్టోబర్‌కు ముందు, తర్వాత అని రెండు దొంతరలు చేసుకుని, రెండో దొంతరలో లోపలి లైన్ చెక్కుచెదరని మ్యాచ్‌లను వేరుచేసి, అక్కడ బంతి చేతిలోంచి ఎంత త్వరగా పోతోందో, పది గజాలు దాటిన పాస్‌లు ఎన్నో చూడాలి.